ఖాళీ డబ్బా పంపకూడదు

ఆ శనివారం పొద్దున జిప్పోరా టీచరు వేసుకున్న పథకంలో ఒక్క లోపం కూడా లేదు. ఉంటే ముందు ఆమెకే కనబడేది. ఆమె సైన్సు టీచరు, పైగా మెదక్ మనిషి. దేన్నైనా రెండుసార్లు తరచి చూడందే నమ్మదు.

పథకం ఇదీ. అబిడ్స్, నాంపల్లి బడుల నుంచి నలభై మంది టీచర్లు వస్తారు. నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో, ఒక గల్లీ చివర ఉన్న తన మిషన్ బడిలో వాళ్లకు ఒకరోజు శిక్షణ. మనిషి భూమి మీద మోపే భారం ఎంతో, దాన్ని ఎలా తగ్గించుకోవాలో పిల్లలకు ఎలా బోధించాలన్నది విషయం. సాయంత్రం నాలుగింటికి విద్యాశాఖ ఆఫీసరు లక్ష్మణరావు గారు వస్తారు. శిక్షణ ఎలా జరిగిందో చూస్తారు, బడి వెనకాల పిల్లలు పెంచిన ఆకుకూరల తోట చూస్తారు, మెచ్చుకుంటారు. మెచ్చుకుంటే తోట బతుకుతుంది.

మెచ్చుకోకపోతే ఏమవుతుందో బడి కమిటీ సెక్రటరీ టిమోతి గారు ముందే చెప్పేశారు. జనవరిలో నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, మొదలవుతుంది. నుమాయిష్ వచ్చిందంటే నాంపల్లిలో స్కూటరు నిలబెట్టడానికి జానెడు చోటు దొరకదు. అలాంటి రోజుల్లో అంత జాగాలో పాలకూర పెంచడం టిమోతి గారి దృష్టిలో పాపం కాకపోయినా, పాపానికి పక్కిల్లు.

"నాకు తోటంటే కోపం లేదు జిప్పోరమ్మా," అన్నారాయన. "ఏదెను తోట కూడా దేవుడు వేసిందే. కానీ దాని పక్కన నుమాయిష్ లేదు కదా! ఆఫీసరు గారు తన నోటితో 'బాగుంది' అంటే ఉంచుదాం. అనకపోతే సోమవారం చదును చేయించి పార్కింగు పెట్టేద్దాం."

ఆ జాగాలో ఒకప్పుడు విరిగిన బెంచీలూ గాజుపెంకులూ ఉండేవి. ఏడో తరగతి పిల్లలు అన్నీ ఏరి పారేసి పాలకూర, మెంతి, గోంగూర, కొత్తిమీర వేశారు. ప్రార్థన గంట కాకముందే వచ్చి నీళ్లు పోస్తారు. తోట పోయిందని వాళ్లకు తనే చెప్పాల్సి వస్తుందన్న తలపునే జిప్పోరా భరించలేకపోయేది. అందుకే ఈ శిక్షణలో చీమంత తప్పు కూడా జరగకూడదని పట్టుబట్టింది.

తొమ్మిదిన్నరకల్లా హాలు నిండింది. నల్లబల్ల మీద డ్రాయింగు మాస్టారి చేత గీయించిన ఒక పెద్ద పాదం ఉంది. దాని నిండా చిన్న చిన్న గడులు.

"మనం తినేదానికి, కట్టుకునేదానికి, పారేసేదానికి అన్నింటికీ భూమి మీద కొంత జాగా కావాలె. ఆ జాగా అంతా కలిపి లెక్కగడితే అదే మన పర్యావరణ పాదముద్ర," అని జిప్పోరా మొదలుపెట్టింది. "ఇయ్యాల ఈ ట్రైనింగు పాదం ఎంతదో మనమే చూద్దాం. ఏది కొత్తగ కొన్నా, ఏది పారేసినా ఒక గడికి ఎర్ర రంగు పూస్తం. సాయంత్రానికి ఎరుపు కాలివేళ్లు దాటొద్దు. ఆఫీసరు గారు చూసేది గదే."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్లంతా టీచర్లయితే మాత్రం ఆ సామెత తిరగబడుతుంది. ముందు వరసలోంచి రామచంద్రమూర్తి మాస్టారు లేచారు. అబిడ్స్‌లో లెక్కలు చెబుతారు. ఏ శిక్షణ పెట్టినా మొదటి కుర్చీ ఆయనదే. వాళ్లింట్లో కూరగాయలకు జనాభా విద్య సంచీ వాడతారు, బియ్యానికి వయోజన విద్య సంచీ వాడతారు.

"ఏమండీ, సంచీలు ఎప్పుడిస్తారు? ఇప్పుడా, పోయేటప్పుడా?"

"సంచీ లేదు సార్. కొత్త సంచీ అంటే గడి ఎర్రగయితది."

"పోనీ, ఫైలు?"

"అది కూడ లేదు."

"పెన్నయినా..."

"మీ జేబుల ఉన్నది కదా సార్."

"అది నాదండీ!" అని ఆయన బాధగా కూర్చుని, ఆ బాధలో ఒక వక్కపొడి పొట్లం చింపి నోట్లో వేసుకున్నారు. జిప్పోరా ఖాళీ పొట్లాన్ని చేతికి తీసుకుని, పాదంలో చిటికెన వేలి కొసన ఒక గడికి ఎర్ర సుద్ద పూసింది. ఆ తరవాత హాల్లో ఎవరూ ఏ పొట్లమూ విప్పలేదు.

పదకొండింటికి అసలు సంగతి బయటపడింది. భోజనానికి ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోవాలని జిప్పోరా ముందే అన్ని బడులకూ రాసింది. ఎవరెవరు తెచ్చారో చేతులెత్తమంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

"నువ్వు రాసుడైతే రాసినవు గానీ, ట్రైనింగుకు డబ్బా పట్టుకొని ఎవలొస్తరు?" అంది శశికళ, జిప్పోరా బడిలోనే తెలుగు టీచరు. వాళ్లది నాలుగు తరాలుగా హైదరాబాదులో ఉన్న కుటుంబం. ఊళ్లో మర్యాదలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "అన్నదానానికి వచ్చిన్రనుకుంటరు. ఊకె కాగితం ప్లేట్లు తెప్పియ్యి."

కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు. జిప్పోరా మనసులోనే లెక్క వేసింది. ఎరుపు వేళ్లు దాటి, అరికాలు దాటి, మడమ దాకా వచ్చింది. వెంటనే వంటగదిలోకి పరుగెత్తి, బియ్యం కడుగుతున్న ఆయా శంకరమ్మను పట్టుకుంది.

"శంకరమ్మా, జర గల్లీలకు పోయి ఇంటికొక డబ్బా అడిగి పట్టుకరా. టీచర్లు తినేటందుకని చెప్పు. సాయంత్రం మంచిగ కడిగి పంపుతమను."

"గంతేనా! మీరేం ఫికర్ చెయ్యకుర్రి టీచరమ్మా," అని శంకరమ్మ చేతులు తుడుచుకుని, తోపుడుబండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

గల్లీకి డబ్బాల కోసం పంపింది ఎవరిని అన్న ఆలోచన జిప్పోరాకు పన్నెండున్నర దాకా రాలేదు. వచ్చాక వంటగదికి వెళ్లి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. కిచిడీ కావలసిన బియ్యం నీళ్లలో నిశ్చింతగా నానుతోంది. బడికి ఆయా శంకరమ్మే, వంటమనిషీ శంకరమ్మే. ఆ శంకరమ్మ వెళ్లి గంటన్నరైంది.

"హోటల్ నుంచి బిర్యానీ ప్యాకెట్లు తెప్పిద్దాం," అంది శశికళ.

"తెప్పిస్తే పాదం చాలదు శశికళా. మోకాలు దాకా గీయాలె," అంది జిప్పోరా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే గేటు దగ్గర తోపుడుబండి చప్పుడైంది. బండి నిండా స్టీలు డబ్బాలు. శంకరమ్మ దాన్ని తోయలేక తోస్తోంది. వెనక నుంచి ఇద్దరు ఆడవాళ్లు సాయం పడుతున్నారు. ఖాళీ డబ్బాల బండి అంత బరువెందుకని జిప్పోరా ఒక మూత తీసింది. లోపల బగారా అన్నం పొగలు కక్కుతోంది.

"ఇదేంది శంకరమ్మా?"

"నేనేమనలే అమ్మా! టీచర్లు తినేటందుకు డబ్బాలియ్యుర్రి అన్న, గంతే. 'సార్లకు ఖాళీ డబ్బా పంపుతమా' అనుకుంట అందరు పొయ్యిల కాడికి ఉరికిన్రు. నేనేం జెయ్యాలె? అయ్యేదాంక ఒక్కొక్క గడప కాడ కూసున్న." శంకరమ్మ గొంతు తగ్గించింది. "పిల్లల పరీక్ష పేపర్లు మీరు గిప్పుడే దిద్దుతున్నరట కదా."

ఆ గల్లీలో సగం మంది పిల్లలు ఈ బడిలోనే చదువుతారు. మిగతా సగం అబిడ్స్ బడుల్లో చదువుతారు. కాబట్టి ఏ డబ్బా ఏ టీచరుకు చేరినా నష్టం లేదన్న ధీమాతో అందరూ వంట మీద ప్రాణం పెట్టారు. ఒక డబ్బాలో పూరీలు, ఒకదాంట్లో టమాటా పప్పు, ఇంకోదాంట్లో మిర్చీ సాలన్. ఏ ఇల్లాలో నాటుకోడి కూరే పంపింది. వాళ్లబ్బాయి లెక్కల్లో మరీ వెనకబడి ఉండాలి. అది సరిగ్గా లెక్కల మాస్టారు రామచంద్రమూర్తి గారికే దక్కింది.

"సంచీ ఇవ్వకపోయినా ఫరవాలేదండీ," అన్నారాయన రెండోసారి వడ్డించుకుంటూ. "విషయం ముఖ్యం."

ఒక్క మెతుకు మిగల్లేదు. ఒక్క ప్లేటు పారేయలేదు. పాదంలో ఆ వక్కపొడి గడి ఒక్కటే ఎర్రగా ఉంది. జిప్పోరా ఆ రోజు మొదటిసారి మనసారా నవ్వింది. ఇల్లు అలకగానే పండగ కాదని ఆమెకు గుర్తు చేయడానికి శశికళ డబ్బాలు కడిగేదాకానే ఆగింది.

టీచర్లంతా నల్లా దగ్గర వరస కట్టి డబ్బాలు కడిగారు. ఒకరు తోమితే ఇంకొకరు కడిగి, మరొకరు తుడిచి మూతలు పెట్టారు. తళతళలాడే డబ్బాలను శంకరమ్మ బండికెత్తబోతుంటే శశికళ అడ్డం వచ్చింది.

"ఖాళీగనే పంపుతవా?"

"కడిగి పంపుతమని చెప్పిన కదా," అంది జిప్పోరా.

"కడుగుడు వేరు, ఖాళీగ పంపుడు వేరు. అన్నం పెట్టి పంపినోళ్లకు ఉత్త డబ్బా తిప్పి పంపుతరా ఎవరన్న? రేపు మనం గల్లీల తలెత్తుకొని తిరగాలెనా వద్దా?"

జిప్పోరాకు ఈ సంగతి తెలియక కాదు. మెదక్‌లో వాళ్లమ్మ పక్కింటి గిన్నెను ఏనాడూ ఖాళీగా పంపలేదు. ఏమీ లేనినాడు చారెడు చక్కెరయినా వేసేది.

"చెంచెడు చక్కెర వేద్దామా?"

"నాటుకోడికి చెంచెడు చక్కెరా?" అని అడిగింది శశికళ కాదు, రామచంద్రమూర్తి గారు. ఆ కూర తిన్న బాధ్యత ఆయన మీద ఉంది మరి. "మొజంజాహీ మార్కెట్టు ఇక్కడే కదండీ, పళ్లు తెప్పించండి."

"వద్దు, అబిడ్స్ బేకరీ నుంచి బిస్కెట్లు," అన్నారు వెనక నుంచి ఇంకెవరో.

పళ్లకు సంచులు కావాలి, బిస్కెట్లకు డబ్బాలు, వాటికి కవర్లు. పాదం మళ్లీ ఎర్రబడటం మొదలైంది, జిప్పోరా కళ్ల ముందే. టైము మూడు దాటింది. ఆమె దిక్కుతోచక కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా తోట. పచ్చగా, నిండుగా, కొనకుండా దొరికేది ఆ ఊళ్లో అదొక్కటే.

"పదండి. ప్రాక్టికల్స్," అంది.

నలభై మంది టీచర్లు తోటలో పడ్డారు. పిల్లలు కాపీ కొడితే వీపు మీద కొట్టే పెద్దమనుషులంతా ఎవరి కట్ట పెద్దదని పోటీ పడ్డారు. ఒకాయన గోంగూర కోస్తూ పాటందుకుంటే మిగతావాళ్లు వంత పాడారు. డబ్బాలన్నీ ఆకుకూరలతో నిండాయి. శంకరమ్మ బండి గల్లీలోకి కదిలింది. అందరూ చేతులు దులుపుకుని, టీ తాగడానికి హాల్లోకి వెళ్లారు.

జిప్పోరా మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఆమె ముందు తోట లేదు. ఎర్రమట్టి ఉంది, అక్కడక్కడా మోళ్లున్నాయి. ఆఫీసరు గారికి చూపించాల్సిన తోటను, ఆఫీసరు గారి కోసమే, తన చేత్తోనే కోయించేసింది. అరిటాకంత పచ్చదనం కూడా మిగల్చలేదు.

అప్పుడు టిమోతి గారు వచ్చారు. ఆయన చేతిలో తాడు, సున్నం బొక్కెన ఉన్నాయి. సోమవారానికి కొలతలు చూసుకుందామని వచ్చిన మనిషి, చదునుగా ఉన్న నేలను చూసి ఆగిపోయారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"స్తోత్రం! స్తోత్రం! మీరే శుభ్రం చేయించేశారా జిప్పోరమ్మా! నేనేమో మీరు పట్టుదల మనిషనుకున్నాను."

"సార్, అది కాదు సార్..."

"ఏం చెప్పొద్దు. నాకు అర్థమైంది. పెద్ద మనసమ్మా మీది," అంటూ ఆయన తాడు పట్టి, సున్నంతో స్కూటర్లకు గీతలు గీయడం మొదలుపెట్టారు. పొడుగ్గా, సమంగా, ఒకదాని పక్కన ఒకటి. చూపించడానికి తోటే లేనప్పుడు జిప్పోరా ఏమని ఆపుతుంది!

ఇంతలో గల్లీ వైపు నుంచి గోల వినిపించింది. మొదట ఒకామె డబ్బా పట్టుకుని గేట్లోకి వచ్చింది. ఆమె వెనక నలుగురు వచ్చారు, ఆ నలుగురి వెనక గల్లీకి గల్లీ వచ్చింది. ఆయాసపడుతూ శంకరమ్మ ముందుకొచ్చి తల పట్టుకుంది.

"టీచరమ్మా, కొంప మునిగింది. కడిగినోళ్లు ఒక డబ్బా మీద ఇంకో డబ్బా మూత పెట్టిన్రు. ఎవ్వల మూత ఎవ్వలకు పోయిందో దేవునికెరుక!"

హైదరాబాదులో స్టీలు గిన్నె అంటే దాని మీద పేరూ, అది ఏ శుభకార్యంలో వచ్చిందో ఆ మాటా చెక్కి ఉంటాయి. డబ్బా మీద పెంటయ్య పేరు, మూత మీద అంజయ్య పేరు ఉంటే ఆ రెండిళ్ల మధ్య మాటా మాటా పెరగడానికి ఎంతసేపు పడుతుంది! అందుకని అందరూ తప్పు జరిగిన చోటికే తేల్చుకుందామని వచ్చారు. పోనీ ఖాళీ డబ్బాలతో వచ్చారా? బడి నుంచి ఆకుకూరలు వచ్చిన డబ్బాను మళ్లీ బడికి ఖాళీగా తెస్తారా ఎవరైనా! ఒకామె సకినాలు వేసుకొచ్చింది, ఒకామె పెరుగు తెచ్చింది. చాలామంది, తోటున్న బడి కదా పనికొస్తాయని, ఇళ్లలో దాచుకున్న విత్తనాలు పోసుకొచ్చారు. మెంతులు, ధనియాలు, గోంగూర గింజలు, బీర గింజలు.

ఇక టీచర్లు హాల్లోంచి బయటికొచ్చారు. గందరగోళాన్ని అణచడం వాళ్లకు తెలిసిన విద్యే. రామచంద్రమూర్తి గారు కుర్చీ ఎక్కి మూతలు చేతికి తీసుకుని హాజరు పిలవడం మొదలుపెట్టారు.

"పెంటయ్య, గృహప్రవేశం!"

"ఉన్న సార్!" అంది ఒకామె చెయ్యెత్తి.

"కిషన్, వివాహ శుభాకాంక్షలు!"

"గీడున్న సార్! మూత నాదే, డబ్బా కాదు!"

సరిగ్గా అప్పుడే ఆఫీసరు లక్ష్మణరావు గారు గేటు తీసుకుని లోపలికొచ్చారు. పొద్దుటి నుంచి మూడు బడులు తిరిగిన మనిషి. మూడుచోట్లా పూలదండ వేశారు గాని భోజనం పెట్టలేదు.

"ఏంది ఇది?" అన్నారాయన. "ట్రైనింగా, జాతరా?"

హాజరు ఆగిపోయింది. "శిక్షణలో భాగమేనండీ," అని రామచంద్రమూర్తి గారు కుర్చీ మీది నుంచే అందుకోబోయారు గాని, జిప్పోరా ముందుకొచ్చింది.

"కాదు సార్. భాగం కాదు," అంది. "తినేటందుకు ఖాళీ డబ్బాలడిగిన సార్. గల్లీవాళ్లు నిండుగ పంపిన్రు. ఉత్తగ తిప్పి పంపలేక, కొనలేక, తోట మొత్తం కోయించిన. మీకు చూపెట్టాలనుకున్న తోట అదే సార్. ఇప్పుడు చూపెట్టేటందుకు ఏం లేదు."

ఎవరో పుణ్యాత్మురాలు లక్ష్మణరావు గారి చేతిలో సకినాల డబ్బా పెట్టింది. తింటూనే హాల్లోకి వెళ్లి నల్లబల్ల చూశారు. "ఇంతమంది తిన్నరు, ఎరుపు ఒక్క గడేనా?" అన్నారు. "వక్కపొడి సార్," అంది జిప్పోరా. రామచంద్రమూర్తి గారు కప్పు వైపు చూశారు. ఆఫీసరు గారు ఇంకో సకినం కొరుక్కుంటూ వెనక జాగాకు నడిచారు. గల్లీ అంతా వెంట నడిచింది.

అక్కడ టిమోతి గారు లోకం మరచి గీతలు గీస్తున్నారు. ఆయన తలెత్తి చూసేసరికి ఒకవైపు ఆఫీసరు గారున్నారు, ఇంకోవైపు ఆయన భార్య మేరమ్మ గారున్నారు. గల్లీ మొదట్లోనే వాళ్లిల్లు. మేరమ్మ గారి చేతిలో ఒక డబ్బా ఉంది, అందులో గోంగూర ఉంది.

"ఏమయ్యా," అంది మేరమ్మ గారు అందరూ వినేట్టు. "ఈ గోంగూర ఈ తోటదేనటగా? ఇంత లేత గోంగూర ఇంటి పక్కనుంటే ఇన్నాళ్లూ నాతో ఒక్కమాటైనా చెప్పావా? దీన్నా నువ్వు స్కూటర్లకు ఇస్తానంటున్నది?"

"స్కూటర్లా?" అంది శంకరమ్మ. "స్కూటర్లా?" అంది గల్లీ.

"సెక్రటరీ గారూ, ఈ గీతలేంది?" అని అడిగారు ఆఫీసరు గారు.

టిమోతి గారు ఆఫీసరును చూశారు, భార్యను చూశారు, విత్తనాల డబ్బాలతో నిలబడ్డ ఆడవాళ్లను చూశారు. సున్నం బొక్కెనను మెల్లగా కింద పెట్టారు. ఏ ఎండకా గొడుగు పట్టడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

"మళ్లండీ," అన్నారు. "కొత్త మళ్లకు గీతలు. పాత తోట కోత అయిపోయింది కదండీ, వెంటనే విత్తనం పడాలని మా కమిటీ తీర్మానం. ఈ తోట విషయంలో మేం చాలా పట్టుదలగా ఉన్నామండీ."

స్కూటరు నిలిచే చోటు, కొత్తిమీర మడి, రెండూ అచ్చం ఒకే కొలతన్న సంగతి ఆ రోజు అందరికీ తెలిసింది. జిప్పోరా కిందికి చూస్తూ నవ్వు ఆపుకుంది. ఆ నవ్వులో కాసిని కన్నీళ్లు కూడా ఉన్నాయి. మేరమ్మ గారు కొంగు దోపి ముందుగా ఒక మడిలో ధనియాలు చల్లారు. ఆఫీసరు గారిని ఇంకో మడిలో మెంతులు చల్లమన్నారు. గల్లీవాళ్లు డబ్బాలు వంచారు. టీచర్లు మట్టి కప్పారు. రామచంద్రమూర్తి గారు నీళ్లు పోశారు.

"బాగుంది," అన్నారు లక్ష్మణరావు గారు చేతులు కడుక్కుంటూ. "చాల బాగుంది. కోయకుండ చూపెట్టే తోటలు ఊరంత చూసిన. తినబెట్టిన తోట ఇదొక్కటే."

ఆయన ఆకలి ముఖం చూసి మేరమ్మ గారు ఊరుకోలేదు. ఇంటికి పరుగున వెళ్లి గోంగూర మాంసం వండి, టిమోతి గారి పేరు చెక్కిన నాలుగు గిన్నెల క్యారియర్ నింపి తెచ్చి చేతికిచ్చేదాకా ఆయన్ను కదలనివ్వలేదు.

నుమాయిష్ రోజుల్లో స్కూటర్లవాళ్లు గేటు దాకా వచ్చి, మొలకెత్తిన మెంతిని చూసి తిరిగిపోయారు. ఏడో తరగతి పిల్లలు ఎప్పటిలాగే గంటకు ముందే వచ్చి నీళ్లు పోశారు. ఏమీ ఎరగనట్టు, తోట తన ఆలోచనేనని టిమోతి గారు చర్చిలో ఇద్దరు ముగ్గురితో అన్నారు కూడా.

ఆఫీసరు గారు పట్టుకెళ్లిన క్యారియర్ మాత్రం నెల తరవాత ఆఫీసు జవాను చేత బడికి తిరిగి వచ్చింది. ఖాళీ గిన్నె పంపకూడదన్న మర్యాద సర్కారుకూ తెలుసని ఆ రోజే బోధపడింది. పై గిన్నె మూత తీస్తే, లోపల నాలుగు మడతలు పెట్టిన సర్క్యులర్ ఒకటి ఉంది: రాబోయే శిక్షణ ఈ బడిలోనే, హాజరయ్యే ఉపాధ్యాయులు నాలుగు వందల మంది, భోజన ఏర్పాట్లు యథాప్రకారం.